ఆట పటముపై భూమి వెల

వేసవి సెలవులలో మా అక్క పిల్లలు మా ఇంటికి వచ్చినపుడు, ఎండకు బయటికి పోవీలులేక, మధ్యాహ్నములందు వసారాలో 'బిజినెస్' ఆట పరచుకొని కూర్చుందురు. బొంబాయి, ఢిల్లీ, హైదరాబాదు మొదలైన నగరముల పేర్లు గడులలో అచ్చువేసిన ఆ పటమును చూడని పిల్లలు మన పట్టణములలో అరుదు. మావాళ్లలో పెద్దవాడు పటముపై అన్నిటికంటె ఖరీదైన నగరము తన చేతికి వచ్చువరకు మరొకదానిపై డబ్బు కదలనీయడు. "ఖరీదైనది కొంటేనే గదా మామయ్యా లాభం!" అని వాని వాదము. గణితము చెప్పి వాని మనస్సు మార్చవలెనని కూర్చుంటిని గాని, మూడు ఆటలలో రెండు ఓడిపోయితిని. పాచికలు గణితశాస్త్రోపన్యాసకుని పట్ల ప్రత్యేకమైన గౌరవమేమియు చూపవు.

అయినను వాని ప్రశ్న మంచిది. పటముపై అచ్చువేసిన వెల ఆ స్థలము యొక్క నిజమైన విలువయేనా? ఆ వెలను ఎవరు నిర్ణయించినారు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మన పటము చాలదు. దానికి మూలమైన అమెరికా దేశపు 'మొనాపలీ' ఆట కడకు పోవలెను.

మొనాపలీ అనగా గుత్తాధిపత్యము. ఆట పటమున అంచు వెంబడి 40 గడులు కలవు. వాటిలో 22 వీధులు, 4 రైలుమార్గములు, విద్యుత్తు, నీటి సంస్థలు రెండు. మొత్తము 28 ఆస్తులు. ఆటగాడు రెండు పాచికలు వేసి, పడిన పందెమును బట్టి తన పావును జరుపును. ఎవరును కొనని గడిపై నిలిచినచో దానిని కొనవచ్చును. ఇతరుని గడిపై నిలిచినచో అద్దె చెల్లింపవలెను. ఒకే రంగు వీధులన్నియు ఒకని చేతికి వచ్చినపుడు వాడు వాటిపై ఇండ్లు, పిదప హోటలు కట్టి అద్దె పెంచును. తక్కినవారందరు దివాలాతీయగా చివరకు ఒక్కడు మిగులును. అంతటితో ఆట ముగియును.

ఇట్టి ఆటను కల్పించినవారు ధనార్జనపై మక్కువ గలవారని ఎవరైనను అనుకొందురు. నిజము దానికి విరుద్ధము. ఈ ఆట ఎలిజబెత్ మాగీ అను ఒక స్త్రీ చేసిన కల్పన. ఆమె 1866లో ఇల్లినాయి రాష్ట్రమున జన్మించినది. తండ్రి పత్రికాధిపతి, బానిసత్వమునకు బద్ధవిరోధి. ఆమె వాషింగ్టను నగరములో, చిరునామా దొరకని ఉత్తరములు చేరు తపాలా కార్యాలయమున, సంక్షిప్తలేఖకురాలుగా పనిచేసినది. హెన్రీ జార్జి (1839–1897) అను ఆర్థికవేత్త సిద్ధాంతములందు ఆమెకు గాఢమైన విశ్వాసము. జార్జి 1879లో ప్రకటించిన 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ' అను గ్రంథము ఆ కాలమున లక్షలాది పాఠకులను కదిలించినది. టాల్‌స్టాయి వంటి మహారచయిత కూడ జార్జిని మెచ్చుకొనినాడు.

జార్జి వాదమును క్లుప్తముగా చెప్పవలెనన్న ఇట్లుండును. ఒకడు ఇల్లు కట్టినచో ఆ ఇంటి విలువ వాని శ్రమఫలము. కాని ఆ ఇంటి క్రింది నేల విలువ వాని శ్రమవలన పెరుగలేదు. ప్రక్కన రోడ్డు పడుట వలన, స్టేషను వచ్చుట వలన, జనము చేరుట వలన అది పెరిగినది. అనగా ఆ విలువను సృష్టించినది సమాజము. అనుభవించునది మాత్రము యజమాని. కావున తక్కిన పన్నులన్నియు తీసివేసి, నేల విలువపై ఒక్క పన్ను మాత్రమే వేయవలెనని ఆయన పట్టుదల. 'ఏకపన్ను' ఉద్యమము అనునది ఇదియే.

పుస్తకములు చదువని వారికి ఈ సంగతి తెలుపుట ఎట్లు? మాగీ ఆలోచించి, 'భూస్వామి ఆట' అను పటమును గీచినది. 1903 మార్చిలో పేటెంటు కొరకు దరఖాస్తు చేయగా 1904 జనవరి 5న 748,626 సంఖ్యతో లభించినది. ఆ పటమును చూచినచో నేటి మొనాపలీ పోలికలు వెంటనే కనబడును. చతురస్రపు అంచున గడులు, నాలుగు ప్రక్కల రైలుమార్గములు, ఒక మూల జైలు, ఒక మూల ప్రజల ఉద్యానవనము. మరియొక మూల లండనులోనుండు ఒక ప్రభువుగారి ఎస్టేటు. ఆ గడిపై కాలుపెట్టినవాడు అతిక్రమించిన నేరమునకు నేరుగా జైలుకు పోవలెను! బయలుదేరు మూలలో భూమాత పేరు వ్రాసి, అక్కడ ఒక చుట్టు పూర్తిచేసినవానికి 100 డాలర్ల కూలి ఇప్పించినది. నేటి ఆటలో బయలుదేరు గడి దాటినపుడు దొరకు 200 డాలర్లు ఆ కూలి నుండి వచ్చినవే. ఈ ఆట తర్వాతి రూపములలో ఒకే పటముపై రెండు విధముల నియమములు కలవు. ఒక విధమున ఆడినచో అద్దె యజమానికి చేరును, తక్కినవారు చితికిపోవుదురు. రెండవ విధమున నేల అద్దె ప్రజల ఖజానాకు చేరును, అందరును కొంత బాగుపడుదురు. రెండును ఆడి చూచి, తేడా మీరే గ్రహించుడని ఆమె ఉద్దేశము.

జనము మొదటిదానినే పట్టుకొనిరి. ఎదుటివాడు దివాలాతీయుటలో ఉన్న ఉత్సాహము అందరు బాగుపడుటలో లేకపోయినది కాబోలు.

1906లో న్యూయార్కున ఈ ఆట అచ్చయినను, అది వ్యాపించినది అంగళ్ల ద్వారా కాదు. ఏకపన్ను వాదులు 1900లో డెలావేరు రాష్ట్రమున స్థాపించుకొనిన ఆర్డెను అను గ్రామములో దీనిని ఆడిరి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము బోధించిన స్కాట్ నియరింగ్ దీనిని తన విద్యార్థులకు నేర్పెను. విద్యార్థులు గుడ్డపై, అట్టపై చేతితో గీచుకొని, తమ ఊరి వీధుల పేర్లు వ్రాసికొని ఆడుకొనిరి. మన ఇండ్లలో నట్టింట సుద్దముక్కతో గళ్లు గీచి ఆడు ఆటలవలె ఇదియు ఒక చేతినుండి మరొక చేతికి సాగిపోయినది, సాగినకొలది మారినది.

1930 ప్రాంతమున రూత్ హాస్కిన్స్ అను ఉపాధ్యాయిని ఇండియానాపొలిసు నుండి ఈ ఆటను అట్లాంటిక్ సిటీకి కొనిపోయెను. అది న్యూజెర్సీ రాష్ట్రమున సముద్రతీరపు విహారనగరము. ఇసుక హోటళ్లలోనికి, రైలుపెట్టెలలోనికి రాకుండ 1870లో అచట తీరమువెంట చెక్కబాట వేసిరి. 'బోర్డ్‌వాక్' అనగా ఆ బాటయే. హాస్కిన్స్, ఆమె మిత్రులు క్వేకరు మతశాఖకు చెందినవారు. వారు పటముపై తమ నగరపు వీధుల పేర్లు వ్రాసికొనిరి. అంతకు పూర్వము స్థలములను వేలము పాడి కొనుచుండిరి. మౌనమును పాటించు క్వేకర్లకు వేలముపాటల గోల నచ్చక, గడులపై స్థిరమైన వెలలు వ్రాసిరని చెప్పుదురు. ఆ బృందములో జెస్సీ రైఫర్డ్ అను స్థలముల వ్యాపారి ఉండెను. ఏ వీధికి ఎంత వెల అనునది నగరపు వాస్తవమైన ధరల హెచ్చుతగ్గులను బట్టి అతడు నిర్ణయించెను.

మా మేనల్లుని ప్రశ్నలో సగమునకు సమాధానమిది. బోర్డ్‌వాక్ 400 డాలర్లు, పార్క్ ప్లేస్ 350. అవి సముద్రమునకు ఎదురుగా గొప్ప హోటళ్లు నిలిచిన తావులు. మెడిటరేనియన్, బాల్టిక్ వీధులు చెరి 60 డాలర్లు. అవి నల్లజాతివారు నివసించిన ఉత్తరపు పేటలోనివి. ఆ హోటళ్లలో వంట, వడ్డన, బరువులు మోయుట వారి శ్రమపైననే జరుగుచుండెను గాని, వారికి అందులో బస లేదు. స్నానమునకు సముద్రతీరములో సైతము వేరు తావు. పటముపై మొదటి రెండు గడులకును చివరి రెండు గడులకును నడుమగల ఆ వెలల దూరము వర్ణవివక్ష పాలించిన ఒక నగరము యొక్క ధరల పట్టిక. ఏ దేశపు పిల్లలైనను దానిని రంగుకాగితముగా మాత్రమే చూతురు.

ఈ అట్లాంటిక్ సిటీ పటమును ఫిలడెల్ఫియాలో చార్లెస్ టాడ్ అను ఆయన తన పరిచయస్థుడైన చార్లెస్ డారోకు నేర్పెను. టాడ్ నకలు వ్రాయునపుడు 'మార్వెన్ గార్డెన్స్' అను పేరును 'మార్విన్' అని తప్పుగా వ్రాసెను. మార్గేటు, వెంట్నరు అను రెండు ఊళ్ల పేర్ల మొదటి అక్షరములు కలిపి కట్టిన పేరది. డారో ఆ తప్పుతో సహా ఆటను తన కల్పనగా చెప్పి అమ్మజొచ్చెను. శాస్త్రగ్రంథములలో నకలుదోషమును బట్టి మాతృకను పట్టుకొను పద్ధతి మన తాళపత్రములను పరిష్కరించు పండితులకు బాగుగా తెలిసినదే. ఇచట ఒక్క అక్షరము అట్టి సాక్ష్యము పలికినది. 1995లో కంపెనీవారు ఆ తప్పునకు అచటి నివాసులకు క్షమాపణ చెప్పుకొనిరి.

డారో ఆర్థికమాంద్యములో ఉద్యోగము పోయిన మనిషి. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ అతని వద్ద ఆటను కొని, లాభములో వాటా ఇచ్చినది, అతడు ధనవంతుడైనాడు. అదే సంవత్సరము చివర కంపెనీవారు మాగీ పేటెంటును 500 డాలర్లకు కొనిరి. తన సిద్ధాంతము దేశమంతట వ్యాపించునని ఆమె ఆశించినది. తర్వాత డారో పేరు పత్రికలలో చూచి, 1936లో తన పాత పటమును విలేఖరులకు చూపి నిరసన తెలిపినది. 1948లో ఆమె మరణించునాటికి ఆ సంగతి ఎవరికిని గుర్తులేదు. ఆటపెట్టెలో డారో కథయే అచ్చగుచుండెను.

రాల్ఫ్ ఆన్స్‌పాక్ అను అర్థశాస్త్రాచార్యుడు 1973లో 'యాంటీ మొనాపలీ' అను ఆటను ప్రకటించి, కంపెనీతో వ్యాజ్యములో చిక్కుకొననిచో మాగీ పేరు నేటికిని వెలికి వచ్చెడిది కాదేమో. ఆయన పక్షమున పాతకాలపు ఆటగాండ్రను వెదకి సాక్ష్యము సేకరించుచుండగా ఈ చరిత్ర అంతయు బయటపడినది. 1977లో క్రింది కోర్టు ఉత్తరువుపై ఆయన ఆట పెట్టెలు వేలకొలది మిన్నెసోటాలో గోతిలో పూడ్చబడినవి. 1982లో అప్పీలు కోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పగా, 1983లో సుప్రీంకోర్టు దానిలో జోక్యము చేసికొనుటకు నిరాకరించినది.

ఇక రెండవ సగము: ఆ వెలలు ఆటలో నిజముగా చెల్లునా?

గడులన్నిటిపై పావులు సమానముగా నిలుచునట్లైన, 40 గడులలో ఒక్కొక్కదానికి నూటికి 2.5 వంతు రావలెను. కాని అట్లు రాదు. కారణము జైలు. బయలుదేరు గడిని సున్నగా లెక్కించినచో జైలు 10వ గడి, 'జైలుకు పొమ్ము' అను గడి 30వది. అదియుగాక చీట్లలో జైలుకు పంపునవి కలవు. వరుసగా మూడుమార్లు జంటపందెము పడినను జైలే. కావున పావులు పటముపై ఎక్కడెక్కడినుండియో జైలునకు చేరి, అచటినుండి మరల బయలుదేరుచుండును. తిరునాళ్లకు వచ్చిన జనమంతయు ఒకే బస్సుస్టాండులో దిగినట్లు! అచటినుండి ఎన్ని అడుగుల దూరమున అంగడి పెట్టవలెనన్నదే ప్రశ్న.

రెండు పాచికలు 36 విధముల పడవచ్చును. వాటిలో 6 వచ్చునవి 5 విధములు, 8 వచ్చునవి 5, 9 వచ్చునవి 4. జైలునుండి 6, 8, 9 గడుల దూరమున ఏమి కలవు? 16, 18, 19 గడులు. అవే సెయింట్ జేమ్స్, టెనెసీ, న్యూయార్కు అను నారింజ రంగు వీధులు మూడును! జైలునుండి వేయు మొదటి పందెముతోనే వీటిలో ఒకదానిపై నిలుచుటకు 36లో 14 అవకాశములు, అనగా నూటికి సుమారు 39. జైలును ఆనుకొని ఉన్న గులాబి రంగు వీధులు 1, 3, 4 గడుల దూరమున ఉన్నందున వాటికి 36లో 5 అవకాశములు మాత్రమే. జైలు ప్రక్కనే ఉండుట కంటె దానికి సరియైన దూరములో ఉండుట మేలు. ఎఱ్ఱ రంగు వీధులలో ఇల్లినాయి 24వ గడి, జైలునకు 14 గడుల దూరము. రెండు పందెములు కలిపి చూచినపుడు ఎక్కువగా పడు మొత్తము 14. పైగా ఒక చీటి ఆటగాని నేరుగా ఇల్లినాయికి పంపును. కావుననే వీధులన్నిటిలో ఎక్కువగా పావులు నిలుచునది అది. నూటికి దాదాపు 3.2.

ఖరీదైన బోర్డ్‌వాక్ ప్రక్కనున్న పార్క్ ప్లేస్ సంగతి చూడుడు. అది 37వ గడి. రెండు పాచికలకు అన్నిటికంటె సులభముగా పడునది 7. కాబట్టి 30వ గడినుండి వచ్చువారే దానికి ముఖ్యమైన బేరగాండ్రు కావలెను. కాని 30వ గడియే 'జైలుకు పొమ్ము'! అచట నిలిచినవాడు ముందుకు పోవడు. అందుచేత పార్క్ ప్లేస్‌పై పావులు నిలుచుట నూటికి సుమారు 2.2 మాత్రమే.

ఇట్టి లెక్కలకు మార్గము చూపినవాడు రష్యా గణితజ్ఞుడు ఆండ్రే మార్కోవ్. రాబోవు స్థితి, గడచిన చరిత్రపై గాక, ప్రస్తుతపు స్థితిపై మాత్రమే ఆధారపడు ప్రక్రియలను ఆయన 1906 నుండి పరిశీలించెను. 1913లో పుష్కిను కావ్యమునుండి 20,000 అక్షరములు తీసి, అచ్చు తర్వాత హల్లు ఎన్నిమార్లు వచ్చునో చేతితో లెక్కించినాడు. పావు కూడ అట్టిదే. అది ఎచటినుండి వచ్చినదో పాచికలకు తెలియదు. వేయిమంది ఆటగాండ్రను ఒకేసారి బయలుదేరు గడిలో నిలిపి, ఒక్కొక్క పందెమునకు వారు ఎట్లు చెదరుదురో లెక్కించుచు పోయినచో, కొన్ని పదుల పందెముల తర్వాత ఏ గడిలో ఎందరుందురన్నది దాదాపు స్థిరపడును. ఆష్, బిషప్ అను గణితజ్ఞులు 1972లో మొనాపలీని ఈ పద్ధతిన విశ్లేషించిరి. నేడు కంప్యూటరు ఉన్న ఏ విద్యార్థియైనను ఒక సాయంకాలములో చేయగలడు.

ఆ నిష్పత్తులతో అద్దెలను గుణించి చూతము. నారింజ వీధులు మూడింటి వెల 560 డాలర్లు, మూడింటిపైన హోటళ్లు కట్టుటకు 1500, మొత్తము 2060. హోటలు అద్దెలు 950, 950, 1000. ప్రత్యర్థి ఒక్కసారి పాచికలు వేసినపుడు సగటున వచ్చు ఆదాయము సుమారు 85 డాలర్లు. బోర్డ్‌వాక్, పార్క్ ప్లేస్ రెండింటి వెల 750, హోటళ్లకు 2000, మొత్తము 2750. అద్దెలు 2000, 1500. సగటు ఆదాయము? సుమారు 86 డాలర్లు! ఆదాయము ఇంచుమించు ఒకటే. పెట్టుబడిలో 690 డాలర్ల తేడా. పెట్టుబడి తిరిగివచ్చుటకు నారింజకు 24 పందెములు, ముదురు నీలమునకు 32. అట్టడుగున ఉన్న మెడిటరేనియన్, బాల్టిక్‌లకు 620 డాలర్లు పెట్టినచో పందెమునకు 15 వచ్చును. తిరిగివచ్చుటకు 41 పందెములు. చవుక అనుకొనునదియు చవుక కాదు.

ఇండ్ల విషయములో ఒక్క మాట. న్యూయార్కు వీధిపై ఒక ఇంటికి అద్దె 80, రెండింటికి 220, మూడింటికి 600, నాలుగింటికి 800. ప్రతి ఇంటి ఖర్చు 100 డాలర్లే అయినను మూడవ ఇల్లు ఒక్కటే అద్దెను 380 పెంచును. కావున ఆరితేరినవారు ప్రతి వీధిపైన మూడేసి ఇండ్లు లేచువరకు చేతిడబ్బు దాచుకొనరు. పెట్టెలో ఇండ్లు 32 మాత్రమే ఉండును. హోటళ్లు కట్టక నాలుగేసి ఇండ్లతో ఆగినవాడు ఇండ్లన్నిటిని తనవద్దనే బిగబట్టి, ఎదుటివారిని కట్టనీయకుండ చేయగలడు. నియమములలో ఇది తప్పు కాదు. ధాన్యము కొట్లలో దాచి బజారులో కరవు పుట్టించు విద్య ఇదియే గదా. మాగీ చూచినచో, తాను చెప్పదలచినది ఇదియేనని అని ఉండెడిది.

1936లో లండను వీధులతో ఇంగ్లండున వెలువడిన పటములో ఇవే నారింజ గడులకు బో, మార్ల్‌బరో, వైన్ అను వీధుల పేర్లు పెట్టిరి. మూడింటికిని పోలీసు స్టేషనుతోనో న్యాయస్థానముతోనో సంబంధము కలదు. జైలునుండి వచ్చువారు ఎక్కువగా దిగు వీధులకు ఆ పేర్లు కుదురుట తమాషా.

నారింజ వీధులకు ఈ విలువ ఎట్లు వచ్చినది? వాటి యజమాని చేసినదేమియు లేదు. ఎవరో మూలలో జైలు పెట్టినారు; పాచికలు జనమును అటు నడిపినవి. బాటసారుల నడక వలన పుట్టిన విలువ అద్దె రూపమున ఒకని సంచిలో పడుచున్నది. జార్జి పుస్తకమున వాదించిన విషయమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు. రైఫర్డ్ వేసిన వెలలు సముద్రపు గాలిని, వర్ణభేదమును చూచి వేసినవి. పటముపై మాత్రము సముద్రము లేదు, పాచికలు, జైలు మాత్రమే కలవు. ఆ రెండు లెక్కలకు నడుమగల వ్యత్యాసమే తెలిసిన ఆటగాని లాభము.

అసలు వీధులు కూడ నిలిచిన చోట నిలువలేదు. సెయింట్ చార్లెస్ ప్లేస్‌ను జూదగృహములు కట్టిన రోజులలో ఒక హోటలు మింగివేసినది. ఇల్లినాయి వీధి ఇపుడు మార్టిన్ లూథర్ కింగ్ పేరిట ఉన్నది. పటముపై మాత్రము దాని వెల నేటికిని 240 డాలర్లే.

మా మేనల్లునికి ఇదంతయు చెప్పగా వాడు సగము విని, తన 'బిజినెస్' పటమును తిరగవేసి చూచినాడు. మన పటములు అచ్చువేయువారిని బట్టి గడుల వరుస, జైలు నియమము మారుచుండును. వాని పటములో జైలుకు పంపు గడి లేదు. "అయితే మీ లెక్క మన పటానికి చెల్లదు గదా మామయ్యా!" అన్నాడు. నిజమే, చెల్లదు. దానికి వేరుగా లెక్క కట్టవలెను. నోటుపుస్తకము చివరి పుటలో గడులకు అంకెలు వేయుట మొదలుపెట్టినాము. చీట్లు వేరు, వాటిని ఇంకను లెక్కలోనికి తీసికొనవలసియున్నది.